నాలుగు రాగి వాషర్లు

"శనివారం సాయంత్రం ఎక్కడున్నావు బాబాయ్?"

"గ్యారేజీలోనే అమ్మా."

"కదలకుండా?"

"కదలకుండా."

"అబద్ధం," అన్నాను.

మెకానిక్ తల దించుకున్నాడు. పోలీస్ స్టేషన్‌లో మమ్మల్ని కూర్చోబెట్టిన గదికి ఉన్నది ఒకటే కిటికీ. దాని అద్దం కూడా లోపలి నుంచి రంగు పూసేశారు. గోడ మీద గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. అబద్ధాలు నాకు కొత్త కాదు. పదకొండేళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేశాను, రోజుకు పది వినేదాన్ని. కానీ నేను ఎవరి కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నానో ఆ మనిషే నాకు అబద్ధం చెబితే మాత్రం ఒళ్లు మండుతుంది.

"శనివారం నాలుగింటికి స్కూటరు తీశావని పిన్ని చెప్పింది. నీ పెళ్లాం నాకు నిజం చెప్పి నువ్వు చెప్పకపోతే ఎలా? నన్ను పిలిచింది ఆవిడేగా! ఎక్కడికెళ్లావు?"

చిన్న గొంతుతో, "డాక్టర్లింటికి," అన్నాడు.

నా పెన్ను ఆగిపోయింది.

విషయం ఇదీ. ఊళ్లో పళ్ల డాక్టర్లయిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. ఒకే ఇల్లు, ఒకే క్లినిక్కు. ఇద్దరికీ పాత స్పోర్ట్సు కార్ల పిచ్చి. ఒకే మోడలు కార్లు రెండు, కవలల్లాంటివి, చెరొకటి. పోయిన మంగళవారం ఆ రెండు కార్లకీ ముందు చక్రాల పాత కాలిపర్లు తీసేసి బయటి కంపెనీ కొత్త కాలిపర్లు బిగించింది ఈ మెకానిక్కే. కాలిపరంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు వైపులా పట్టి నొక్కే పిడికిలి. దానికి నూనె పట్టుకొచ్చే గొట్టాన్ని ఒక బోల్టు, రెండు రాగి వాషర్లు పట్టి ఉంచుతాయి. ఆదివారం పొద్దున ఆరూ నలభైకి పెద్ద డాక్టరు గుట్ట దారి దిగుతుండగా మూడో మలుపులో బ్రేకులు పోయాయి. కారు రాతి గోడకి గుద్దుకుంది. ఆ కాలపు కారు అది, ఒక్క చోట నూనె కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. పెద్ద డాక్టరు ఇంకా తెలివిలోకి రాలేదు. మెకానిక్‌ని ఆదివారం మధ్యాహ్నమే తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఇన్సూరెన్సు వాళ్ల రిపోర్టు ఈరోజు సాయంత్రం అందగానే అరెస్టు చేస్తారు. పెద్ద డాక్టరు పోతే అది చావు కేసు. అరవయ్యేళ్ల మనిషి జైలుకి పోతాడు.

"డాక్టర్లింటికి ఎందుకెళ్లావు?"

"మూడొందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి చూడాలమ్మా. ఎవరి కారైనా నేను అలాగే చేస్తాను. వెళ్లేసరికి షెడ్డుకి తాళం వేసుంది. బెల్లు కొట్టాను, ఎవరూ పలకలేదు. తిరిగొచ్చేశాను."

"ఇంత చిన్న మాటకి దాపరికమెందుకు?"

"ప్రమాదానికి ముందు రోజు సాయంత్రం నేను ఆ కారు దగ్గరికెళ్లానంటే ఎవరైనా ఏమనుకుంటారు?"

"నేనేమనుకుంటానో అదే అనుకుంటారు," అన్నాను కోపంగా. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకూ అనుమానం వచ్చింది. బోల్టు బిగించడానికి వెళ్లినవాడు వదులు కూడా చెయ్యగలడు.

తలుపు తట్టకుండానే స్కేలు లోపలికొచ్చాడు.

స్కేలు అంటే ఇన్సూరెన్సు సర్వేయరు. జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలు పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆఫీసులో నేనే ఆ పేరు పెట్టాను. నేను ఉద్యోగం మానేసి సొంతంగా ఇలాంటి కేసులు చూసుకుంటున్నదీ అతని మూలానే. కొలతలు ఎప్పుడూ సరిగ్గా తీస్తాడు, మనుషుల్ని మాత్రం చూడనే చూడడు.

"ఏం మేడం, ఇంకా కార్ల కింద దూరుతూనే ఉన్నారా?"

"నువ్వింకా ఆఫీసు కుర్చీలోంచే చూసి రిపోర్టులు రాస్తున్నావా?"

నవ్వలేదు. ప్లాస్టిక్ కవరొకటి బల్ల మీద పెట్టాడు. అందులో రెండు రాగి వాషర్లు. "పెద్ద డాక్టరు కారు ఎడమ ముందు చక్రం. గొట్టం బోల్టు కింద ఇవి దొరికాయి. కన్నం పదకొండు మిల్లీమీటర్లు. కొత్త బోల్టు పది. వదులుగా ఆడుతోంది. వాషరు ఒక పక్కకి జరిగి కూర్చుంది, నూనె కారింది, అంతే సంగతులు. కుడి చక్రానికి మాత్రం కొత్తవి సరిగ్గా ఉన్నాయి. ఎడమ వైపు చేసేటప్పుడు మీ బాబాయిగారు పరధ్యానంలో పాతవే మళ్లీ వేసేశారు."

మెకానిక్ కవరు దగ్గరికి వంగి చూశాడు.

"ఇవి నేను తీసినవే. వేసినవి కావు."

"అలాగే అంటారు లెండి."

"మంగళవారం బిగించాక ఏ డాక్టరుని ఆయన కారులోనే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కారునీ ముప్పై సార్లు గట్టిగా బ్రేకు కొట్టి ఆపి చూపించాడు," అన్నాను. "కొత్త బ్రేకులు సరిగ్గా కుదురుకోవడానికి అలా చెయ్యాలి. తర్వాత నాలుగు రోజుల్లో మూడొందల కిలోమీటర్లు తిరిగింది. వాషరు మొదట్నుంచీ తప్పయితే ఇన్ని రోజులు ఆగుతుందా?"

"నిదానంగా కారింది."

"నిదానంగా కారితే నూనె డబ్బాలో మట్టం తగ్గాలి. పెద్ద డాక్టరు రోజూ పొద్దున్నే మూత తీసి చూస్తాడు. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటాడు ఆ కారుని. నా చెవిలో పువ్వులు పెట్టకు."

"చూశాడో లేదో ఆయన లేచి చెప్పాలి. లేస్తే." స్కేలు కవరు జేబులో పెట్టుకున్నాడు. "నాలుగింటికి గుట్ట దారిలో పరీక్ష పెట్టుకున్నాం. చిన్న డాక్టరు కారుకీ అదే కాలిపర్ల కిట్టు, అదే రోజు, అదే చెయ్యి. పొద్దున ఆయనే ఫోను చేసి, నా కారు తీసుకోండి అన్నాడు. ఆయన నడుపుతాడు, మీ బాబాయి పక్కన కూర్చుంటాడు. నేను కింద మూడో మలుపు దగ్గర కొలుస్తాను. కారు ఆగిందా, కిట్టు మంచిదే, ఈయన చెయ్యే తప్పు."

"ఆగకపోతే?"

"రెండు కార్లకీ ఈయన చెయ్యే తప్పు."

"శభాష్! ఆగినా ఈయనే, ఆగకపోయినా ఈయనే. దీనికి పరీక్షెందుకు, ఇప్పుడే సంతకం పెట్టెయ్!"

"నేను వెళ్తానమ్మా," అన్నాడు మెకానిక్. అంతసేపట్లో మొదటిసారి నా కళ్లల్లోకి చూశాడు. "నా పని మీద నాకు నమ్మకముంది. ఆ కారు ఆగుతుంది. అందరూ చూస్తారు. అది చాలు నాకు."

స్కేలు బయటికి నడిచాక నేను ముందుకి వంగాను. "సరే బాబాయ్. ఆ వాషర్లు నువ్వు తీసినవేనని నువ్వే ఒప్పుకున్నావు. తీసినవి ఏం చేశావు?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"కార్లవాళ్లకి. మా నాన్న నాటి నుంచీ అలవాటమ్మా. తీసిన ప్రతి వస్తువూ, అరిగిపోయిన వాషరైనా సరే, ఓ పెట్టెలో పెట్టి, చీటీ రాసి, లెక్కపెట్టి చూపించి సంతకం తీసుకుంటాం. మంచి సామాను కొట్టేశాడని రేపు ఎవరూ అనకూడదు కదా. రెండు కార్లకీ రెండు పెట్టెలు. కారుకి నాలుగు రాగి వాషర్లు. డాక్టర్ల షెడ్డులోనే ఉంటాయి."

లేచి నిలబడ్డాను. ఈ మాట ఈ మనిషి ఆదివారమే చెప్పి ఉంటే నాకు రెండు రోజులు కలిసొచ్చేవి.

డాక్టర్లిల్లు చేరేసరికి మూడూ ఇరవై అయింది. మెకానిక్‌ని తీసుకుని పోలీసు జీపు అప్పటికే వచ్చి వెళ్లింది. పెద్ద డాక్టరు భార్య గేటు తీసింది. యాభై దాటిన మనిషి, నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి, జుట్టు మాత్రం నున్నగా దువ్వి ఉంది. ఆసుపత్రి నుంచి స్నానానికి వచ్చి మళ్లీ వెళ్తోందట. భర్త అక్కడ అలా ఉంటే ఇంత స్థిమితంగా ఎలా దువ్వుకుందా అనిపించింది. నా బుద్ధే అంత, అందరినీ అనుమానిస్తాను.

"షెడ్డు తాళం ఎక్కడుంటుందండీ?"

"వంటింట్లో మేకుకి. ఎవరైనా తీసుకోవచ్చు."

"ఎవరైనా అంటే?"

"మేము ముగ్గురమేగా! ఆయన, నేను, మా మరిది." తాళం తిప్పుతూ ఆగింది. "శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నేనూ మా ఆయనా క్లినిక్కులో ఉన్నాం. పాత ఫైళ్లు చూస్తున్నారు. నేను సాయం చేశాను."

"మీ మరిది?"

"రానన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని నెలయింది. ఒక పేషెంటు దవడ పాడుచేశాడు మా మరిది. తప్పు తనది కాదని వాదించాడు. మా ఆయన ఊరుకునే రకం కాదు. బోర్డు మీంచి నీ పేరు తీసేస్తాను, నువ్విక పన్ను ముట్టుకోవడానికి వీల్లేదు అన్నారు. ఫైళ్లన్నీ సోమవారం డాక్టర్ల లైసెన్సులు చూసే కౌన్సిలుకి పంపించాలనుకున్నారు." తాళం తీసి తలుపుకే ఆనుకుని నిలబడింది. "ఈలోగా ఇలా అయింది. ఫైళ్లు అలాగే ఉన్నాయి."

ఆవిడ జుట్టు గురించి అనుకున్న మాట వెనక్కి తీసుకున్నాను.

షెడ్డు పొడుగ్గా ఉంది, రెండు కార్లు పక్కపక్కన పట్టేటంత. ఎడమ వైపు పెద్ద డాక్టరు కారు చోటు, కుడి వైపు చిన్న డాక్టరుది. ఇప్పుడు రెండూ ఖాళీ. నేల మొత్తానికి బూడిద రంగు పెయింటు వేయించారు, నున్నగా, ఆసుపత్రి నేలలా. చివర ఇనుప బీరువా. గోడకి స్పానర్లు సైజుల వారీగా వేలాడుతున్నాయి. పన్ను పీకే పరికరాలకి ఉండే శుభ్రం వాటికీ ఉంది.

పెద్ద డాక్టరు కారు ఎడమ ముందు చక్రం ఎక్కడ నిలబడుతుందో అక్కడ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. చక్రం నిలిచే చోటుకి జానెడు లోపల, గుండ్రంగా, ఉంగరంలా పెయింటు లేచి ఉంది. గోరుతో గీకితే ఎండిన పొలుసులా ఊడి వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. పనిచేసిన పదకొండేళ్లలో నేర్చుకున్న ఒకే ఒక్క పనికొచ్చే సంగతి ఇది. బ్రేకు నూనె పెయింటుని తినేస్తుంది. వెంటనే కాదు, తుడిచేసి వెళ్లిపోయాక గంటలు గడిచి బుడగలు లేస్తాయి. చేసినవాడికి తెలియదు, శుభ్రంగా తుడిచాననే అనుకుంటాడు. కారులోంచి కారిన నూనె చుక్కలుగా, మరకలుగా పడుతుంది. ఇలా ఉంగరంలా పడదు. ఇది సీసా అడుగు. ఎవరో ఇక్కడ కూర్చుని గొట్టం బోల్టు విప్పారు, వాషర్లు మార్చారు, లోపలికి పోయిన గాలి తీయడానికి కాలిపరుకి సన్న పైపు పెట్టి నూనె సీసాలోకి వదిలారు. గాలి తీయకపోతే పెడలు మెత్తగా దిగుతుంది, పెద్ద డాక్టరు వెంటనే పసిగట్టేవాడు. అంటే చేసినవాడికి పని తెలుసు.

మెకానిక్ బిగించింది తన గ్యారేజీలో. ఆ గ్యారేజీ నేల వట్టి సిమెంటు. ఈ షెడ్డులో బోల్టు విప్పాల్సిన అవసరం అతనికి లేదు. పైగా శనివారం తాళం వేసుంది.

"బీరువా తెరుస్తారా?"

రెండు అట్టపెట్టెలు ఒకదాని పక్కన ఒకటి. పైన మెకానిక్ గుండ్రటి రాత. మొదటిది పెద్ద డాక్టరుది. చీటీ మీద వరుసగా పాత కాలిపర్లు రెండు, గొట్టాలు రెండు, బోల్టులు రెండు, రాగి వాషర్లు నాలుగు, కింద పెద్ద డాక్టరు సంతకం. వస్తువులన్నీ గుడ్డ మీద పరిచాను. వాషర్లు రెండే ఉన్నాయి.

మిగతా రెండూ స్కేలు జేబులో ఉన్నాయి.

"మీ మెకానిక్ తప్పేమీ లేదా?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ! ఈ పెట్టె మీ ఇంట్లో, మీ తాళం కింద ఉంది. ఇందులోంచి వాషర్లు తీసుకెళ్లి కారుకి పెట్టింది ఇంటి మనిషే." నాకు గంతులెయ్యాలనిపించింది. పెట్టె ఫోటో తీశాను, నేల ఫోటో తీశాను, చీటీ ఫోటో తీశాను. పిన్నికి ఫోను చేసి సాయంత్రం మొగుడు ఇంటికొస్తాడని చెబుదామనుకున్నాను. స్కేలు ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ, కన్నం సైజు పోల్చి చూడటానికి రెండో పెట్టె కూడా తెరిచాను.

చిన్న డాక్టరు పెట్టె. అదే రాత. రాగి వాషర్లు నాలుగు, కింద చిన్న డాక్టరు సంతకం.

పెట్టెలో వాషర్లు రెండే ఉన్నాయి.

గుడ్డ దులిపాను. పెట్టె తలకిందులు చేశాను. బీరువా అరంతా చేత్తో తడిమాను. రెండే.

కుడి వైపు చోటుకి పరిగెత్తి నేల మీద పడ్డాను. ముందు చక్రం నిలిచే చోట రబ్బరు పట్టా పరిచి ఉంది. లాగి పడేశాను. కింద ఉంగరం. ఎండిన పొలుసు కాదు. వేలితో నొక్కితే పెయింటు మెత్తగా, జిగటగా వేలికి అంటుకుంది. నిన్న రాత్రో, ఈరోజు తెల్లవారుజామునో జరిగిన పని.

మెకానిక్ ఆదివారం మధ్యాహ్నం నుంచీ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. పెద్ద డాక్టరు ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఈ కారు ఎన్నింటికి బయల్దేరిందండీ?"

"మూడూ పదికి. వెనకాలే జీపు. ఏమైంది?"

వాచీ చూసుకున్నాను. మూడూ యాభై రెండు. పెద్ద డాక్టరు కారు కూడా ఇక్కణ్ణుంచి గుట్ట దాకా పదకొండు కిలోమీటర్లు బాగానే వెళ్లింది. ఊళ్లో నెమ్మదిగా నొక్కే బ్రేకులకి బొట్టుబొట్టుగా కారుతుంది. దిగుడులో గట్టిగా తొక్కినప్పుడు మిగిలిందంతా చిమ్మేస్తుంది.

స్కేలుకి ఫోను చేశాను. మూడుసార్లు మోగాక ఎత్తాడు.

"ఆపు! ఆ కారు ఆపించు!"

"మేడం, పరీక్ష చెడగొట్టడానికి ఇదొక ఎత్తా?"

"దాని ఎడమ చక్రానికి కూడా పాత వాషర్లు పెట్టారు. నేను షెడ్డులో ఉన్నాను. నిన్న రాత్రి పెట్టారు. పైన ఉన్న జీపుకి ఫోను చెయ్!"

"నిన్న రాత్రా? ఎవరు పెడతారు? ఆ కారులో కూర్చునేది చిన్న డాక్టరే కదా. తన బ్రేకులు తనే తీసుకుంటాడా ఎవడైనా? కొంచెం బుర్ర పెట్టి మాట్లాడండి."

నిజమే, తను ఎక్కే కారుకి ఎవడు చేస్తాడు? ఆవిడ వైపు చూశాను. ఆవిడా? మరిది మీద కోపంతో? ఫైళ్లు, బోర్డు, ఆసుపత్రి, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి.

"వదినా, కాస్త టీ పెడతావా?"

వెనక్కి తిరిగాను. షెడ్డు గుమ్మంలో చిన్న డాక్టరు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో ఆ రోజు పేపరు.

"మీరు వెళ్లలేదా?" అని అడిగాను.

"లేదండీ. గేటు దాకా వచ్చాక కాళ్లు వణికాయి. అన్నయ్య పడ్డ చోటు కదా. నువ్వే నడుపు బాబూ అని మెకానిక్‌కే తాళాలిచ్చాను. పాపం, చక్రం విప్పి ఒకసారి చూసుకుంటానన్నాడు. అక్కర్లేదు, నిన్ననే నేను నడిపాను, భేషుగ్గా ఉంది అని పంపించాను." నేల మీద పక్కకి లాగి పడేసిన రబ్బరు పట్టా వైపు చూశాడు. తర్వాత నా వేలికి అంటుకున్న బూడిద రంగు వైపు చూశాడు.

"స్కేలూ," అన్నాను ఫోనులో. అరవలేదు. అరిస్తే నమ్మడని నాకు తెలుసు. "ఆ కారులో చిన్న డాక్టరు లేడు. నా ముందు నిలబడి ఉన్నాడు. బాబాయ్ ఒక్కడే నడుపుతున్నాడు. నీ రిపోర్టు నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో, నేను కోర్టులో నోరెత్తను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కారు ఆపు. నీకు దణ్ణం పెడతాను."

పదకొండేళ్లలో మొదటిసారి స్కేలు నాతో వాదించలేదు.

"బయల్దేరిపోయాడు," అన్నాడు. "జెండా ఊపేశాం. మొదటి మలుపు తిరిగాడు. వస్తున్నాడు... వేగం తగ్గట్లేదేంటి? ఏయ్, రోడ్డు మీంచి లేవండి! లేవండి అందరూ!"

"హ్యాండ్‌బ్రేకు లాగమను! గేరు దించమను!" అని అరిచాను, అతని మాట అంత దూరం వినిపించదని తెలిసి కూడా. ఫోనులోంచి హారను మొదలైంది. ఒకటే మోత, ఆగకుండా, పెద్దదవుతూ, దగ్గరవుతూ.

"ఏమిటండీ ఆ చప్పుడు?" అని పెద్ద డాక్టరు భార్య కంగారుగా అడిగింది.

చిన్న డాక్టరు అడగలేదు.